దింపుడు కల్లం మీద నా అరుగు

నిజాం ఏలుబడి నడుస్తున్న ఆ రోజుల్లో, కొలిచి గీసిన గీత వెంబడి జనం తప్పక నడుస్తారని నాకు గట్టి నమ్మకం (ఓవర్సీరు చదువు ముగించి నాందేడ్‌లో తాత్కాలికంగా కుదిరాను, ఆ వయసులో నమ్మకాలన్నీ గట్టివే). బజారు నుంచి గోదావరికి దిగే సందులో మనుషులు బండ్ల మధ్య నలిగిపోతున్నారని, ఒక పక్క నల్లరాళ్ల కాలిబాట, బండ్లు ఎక్కకుండా రాతి గుంజలు, నీడకు వేపమొక్కలు, సగం దారిలో కూర్చోవడానికి రాతి అరుగు పెట్టించాను. జనం మాత్రం బండ్ల మధ్యే, బురదలోనే నడిచారు. పెద్ద ఇంజనీరు సాహెబు తనిఖీకి వస్తున్నాడు. బాట ఖాళీగా కనిపిస్తే నా కొలువు పోయినట్టే.

నేను అద్దెకున్న ఇంటి అవ్వ, ధర్మాబాద్ వైపు మనిషి, అసలు సంగతి చెప్పింది. "నువ్వు అరుగు కట్టిన జాగ దింపుడు కల్లం బిడ్డా. పీనుగను ఆడ దింపి చెవుల పేరు పిలుస్తరు. పలికితే ఇంటికి తెస్తరు, పలుకకుంటే గంగ ఒడ్డుకు కొంటవోతరు. గసుంటి కాడ ఎవలు గూసుంటరు, ఆ బాట ఎవలు దొక్కుతరు?"

"ఎవరైనా పలికారా అవ్వా?"

"ఇంకా పలుకలె. పలుకుతరనే గదా పిలుసుడు."

భయం పోగొట్టాలంటే ముందు కట్టినవాడే కూర్చోవాలి. తనిఖీ నాడు తెల్లవారుతుండగా వెళ్లి అరుగు చివర కూర్చున్నాను. గోదావరి మీది పొగమంచు సందంతా నిండి, నా గుంజలు కూడా ఎవరో నిలబడి చూస్తున్నట్టున్నాయి. అడుగుల చప్పుడు లేకుండా నలుగురు పాడె మోసుకొచ్చి, మంచులో నన్ను చూడకుండానే, అరుగు అవతలి కొసన దింపారు. ఒకడు వంగి, "సాయన్న మామా" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి పిలిచి అందరూ చెవులు రిక్కించారు. చలికి అప్పుడే నాకు దగ్గు వచ్చింది.

"పలికిండు" అన్నారెవరో, చాలా మెల్లగా. తర్వాత పరుగు వినిపించింది.

పీనుగను ఒంటరిగా వదలకూడదంటారు. కూర్చున్నాను. ముఖం మీది గుడ్డ లేచి పడుతోంది. అది గాలేనని నాకు తెలుసు. తెలిసి కూడా, "మామా" అని నేనూ ఒకసారి పిలిచాను.

మంచు విడిచేసరికి సందు జనమంతా కాలిబాట మీద కిక్కిరిసి వచ్చారు. అందరికంటే ముందు సాయన్న భార్య, చేతిలో వేడి పాల చెంబుతో.

"దగ్గింది నేనమ్మా" అన్నాను.

ఆమె నన్ను చూసింది, ఆయనను చూసింది. "గట్లనా" అని చెంబు నా చేతికిచ్చింది. "తాగు బిడ్డా, సల్లారితె బాగుండది."

నేను పాలు తాగుతుండగానే సాహెబు మోటారు వచ్చి ఆగింది. బాట నిండా ఉన్న జనాన్ని చూసి, "షాబాష్, లోగాఁ ఖూబ్ చల్‌రే" అని, జనం బాగానే నడుస్తున్నారన్న సంతోషంతో ఆయన దిగకుండానే వెళ్లిపోయాడు. నా కొలువు ఖాయమైంది.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో బాటలు వేశాను. ఎక్కడికి పోయినా టేపు విప్పకముందే, మీ దింపుడు కల్లం ఎక్కడని పెద్దలను అడుగుతాను. మొదట్లో వింతగా చూసేవారు. ఈమధ్య మాత్రం నా నెరిసిన తల చూసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతున్నారు: "గంత తొందరేంది సారూ, జర చాయ్ తాగుండ్రి."