తిరుగుతుంది గానీ అందుకోదు

వరలక్ష్మి స్టీరింగు పట్టుకున్న ఏడాదే వ్యాను మొండికేయడం మొదలుపెట్టింది. దాంతో ఊళ్లో చాలామంది ఆ రెండింటినీ ముడిపెట్టి మాట్లాడేవాళ్లు. కొన్నాళ్లకు వరలక్ష్మికి కూడా అదే నిజమేమో అనిపించసాగింది.

వాళ్లది కనగానపల్లి పక్కన చిన్న ఊరు. చుట్టుపక్కల రైతుల దగ్గర పట్టుగూళ్లు ఎత్తుకుని పెనుకొండ మీదుగా హిందూపురం మార్కెట్టుకు చేర్చడం, వచ్చేటప్పుడు అక్కడి నుంచి పట్టునూలు తెచ్చి ధర్మవరంలో మగ్గాల వాళ్లకు దించడం ఆమె భర్త నాగేష్ పని. ఉన్నది ఒక పాత పెట్రోలు వ్యాను. ఒకరోజు పట్టుపురుగుల షెడ్డు మీద రేకులు సర్దుతూ నాగేష్ జారిపడ్డాడు. ఎడమకాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ మోకాలు వంగడం మానేసింది. క్లచ్ తొక్కలేకపోతే ఇంక బండి నడిపేదేముంది? మంచం మీద కూర్చుని వాకిట్లో దుమ్ము పడుతున్న వ్యాను వైపు చూస్తూ ఉండేవాడు.

"నాకు నేర్పిచ్చు" అంది వరలక్ష్మి ఒక పొద్దున.

నాగేష్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ వేసవంతా ఎండిపోయిన చెరువు నేలలో, పక్క సీట్లో కాలు చాపుకుని కూర్చుని ఆమెకు గేర్లు నేర్పించాడు. కసురుకున్నాడు, భయపడ్డాడు, చివరికి హైవే ఎక్కనిచ్చాడు. లైసెన్సు చేతికొచ్చిన వారానికే ఆమె ఒంటరిగా లోడుతో హిందూపురం వెళ్లి వచ్చింది. దారిలో లారీల వాళ్లు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చూశారు.

మొదటిసారి వ్యాను ఆగింది పెనుకొండ దాటి, సోమందేపల్లి ఇంకా రాకముందు. వెనక హనుమప్ప అనే రైతు గూళ్లు ఉన్నాయి. హనుమప్ప పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇంజను రెండు మూడు సార్లు దగ్గినట్టు చేసింది. కాలు ఎంత తొక్కినా ఊపు రాలేదు. పక్కకు తీసేలోపే ఆగిపోయింది. వరలక్ష్మి సెల్ఫ్ కొట్టింది. ఇంజను గిరగిరా తిరిగింది. అంటుకోలేదు. మళ్లీ కొట్టింది, మళ్లీ అంతే.

నాగేష్‌కు ఫోన్ చేసింది.

"సెల్ఫ్ తిరుగుతాండాదా?"

"తిరుగుతాండాది. అందుకోవట్లా."

"నువ్వు యాక్సిలేటర్ ఊరికే తొక్కి పెట్రోలు ఎక్కువ తాగిచ్చింటావు. కాలు తీసి కొట్టు."

కాలు తీసి కొట్టింది. అందుకోలేదు. హనుమప్ప దిగి రోడ్డు మీద నిలబడి ఎండను చూశాడు, గూళ్ల మూటలను చూశాడు. వేలం మొదలయ్యేలోపు చేరకపోతే ఆ రోజుకు అంతే. ఉక్కలో మూటలు ఎక్కువసేపు ఉంటే గూడు మెత్తబడుతుంది, ఆ తర్వాత ఎవరూ మొహం తిప్పి చూడరు.

పెనుకొండలో నబీసాబ్ అనే మెకానిక్ ఉన్నాడు. నాగేష్‌కు పాత స్నేహితుడు. మోటారు సైకిలు మీద వచ్చి, "పెట్రోలు ఉండాదా అక్కా?" అన్నాడు.

"ఏమోన్నా, పెట్రోలు చూపిచ్చే ముల్లు ఎప్పుడో పోయిందంట కదా."

నబీసాబ్ ట్యాంకు మూత తీసి లోపలికి టార్చి వేసి చూశాడు. పెట్రోలు ఉంది. మూత పెట్టేసి, సీటు ఎత్తి, ప్లగ్గు ఊడదీసి కరెంటు వస్తోందో లేదో చూశాడు. నీలంగా నిప్పురవ్వ ఎగిరింది. ప్లగ్గులన్నీ ఉప్పుకాగితంతో రుద్ది బిగించాడు. "ఇప్పుడు కొట్టు" అన్నాడు. కొన్ని తిప్పులకే ఇంజను అంటుకుంది.

"ప్లగ్గులే అక్కా. మసి పట్టిండాయి" అన్నాడు నబీసాబ్ చేతులు తుడుచుకుంటూ.

వాళ్లు చేరేసరికి వేలం అయిపోయింది. హనుమప్ప తన మూటలు తనే దించుకుని పక్కన పేర్చుకున్నాడు. తిట్టినా బాగుండునని వరలక్ష్మికి అనిపించింది.

ప్లగ్గులు కొత్తవి వేయించింది. అయినా మళ్లీ ఆగింది, ఈసారి హిందూపురం ఊరి మొదట్లోనే. దగ్గర్లో బండ్ల కరెంటు పనులు చేసే ఉదయ్ కుమార్ దుకాణం ఉంది. అతను కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి. ముందు మూత తీసి పెట్రోలు చూశాడు. తర్వాత ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ మీద చెయ్యి పెట్టి, "బిసి ఉందక్కా, చెయ్యి కాలిపోతాంది. వేడికి కాయిల్ చచ్చిపోతా ఉంది" అన్నాడు. కొత్త కాయిల్ బిగించాడు. సెల్ఫ్ కొట్టగానే వ్యాను అందుకుంది. వరలక్ష్మి సంతోషంగా ఇంటికి ఫోన్ చేసి, కాయిల్ అంట, లోపం దొరికింది అని చెప్పింది.

ఆ వారమే చెన్నేకొత్తపల్లి దగ్గర ఆగింది.

ఆ తర్వాత ఆమెకు అంతా అయోమయమైపోయింది. ఒక రోజు పెనుకొండ దాటాక ఆగేది. ఇంకో రోజు ధర్మవరం దాకా వెళ్లి తిరిగొచ్చినా ఏ ఇబ్బందీ పెట్టేది కాదు. ఎండ రోజు ఆగింది కదా, వేడికేమో అనుకుంటే, మబ్బు పట్టిన రోజూ ఆగింది. లోడు ఎక్కువేమో అనుకుంటే, ఖాళీగా వస్తూ ఆగింది. పిలిచిన ప్రతివాడూ ఏదో ఒకటి విప్పేవాడు, ఏదో ఒకటి తుడిచేవాడు, ప్రతిసారీ వ్యాను స్టార్టయ్యేది. అందరూ మంచి మెకానిక్కులే. ఎవరు చేసిందీ నిలబడలేదు. నబీసాబ్ కార్బొరేటర్ మొత్తం విప్పి కడిగాడు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు, పంపు మార్చాడు. చివరికి, "నాకే మెంటలెక్కుతాండాది అక్కా. దీనికి నేనంటే పడదేమో" అన్నాడు.

ఇంట్లో నాగేష్ ప్రశ్నలు ఆగేవి కావు. యాడ ఆగింది, ఏ గేరులో ఉండావు, క్లచ్ మీద కాలు పెట్టుకునే నడుపుతాండావా? అతనికి తెలిసినదంతా అతని చేతుల్లో, కాళ్లలో ఉంది. ఫోనులో అది ఆమెకు అందేది కాదు. "నా చేతిలో ఇన్నేండ్లు ఒక్క దినం ఆగలా" అనేవాడు. తిట్టడానికి అన్న మాట కాదు, నిజంగానే అర్థంకాక అనేవాడు. ఆమె మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ కుంచించుకుపోయేది. రోడ్డు మీద వెళుతున్నంతసేపూ తన కుడికాలినే గమనించుకునేది. ఇంజను కాస్త గొంతు మార్చితే పెడల్ మీంచి చటుక్కున కాలు తీసేసేది.

ఒకరోజు హనుమప్ప వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. "ఏమనుకోవద్దు నాగేషూ. ఈసారికి గూళ్లు వేరే బండికి ఏసుకుంటా" అన్నాడు. మాట నాగేష్‌తో మాట్లాడాడు. చూపు మాత్రం ఆమె వైపు ఉంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే, హిందూపురం నుంచి నూలు వేసుకుని ధర్మవరం వస్తుండగా, మధ్యాహ్నం పూట వ్యాను మళ్లీ ఆగింది. చుట్టూ కంది చేలు. మనిషి జాడ లేదు. ఫోను తీసింది. ఎవరికి చేయాలో తోచక మళ్లీ పెట్టేసింది. నాగేష్‌కు చేస్తే గేరు సంగతి అడుగుతాడు. నబీసాబ్‌ను మళ్లీ అంత దూరం రప్పించాలంటే సిగ్గేసింది. కాసేపు చెట్టు నీడలో కూర్చుంది. ఏడుపు వచ్చింది గానీ ఏడవలేదు. పెట్రోలే అయిపోయిందేమో అన్న ఆలోచన వచ్చింది. పొద్దున ఇంటి దగ్గర పట్టించింది నిజమే గానీ, ఆ బండి విషయంలో ఆమెకు ఏ లెక్క మీదా నమ్మకం లేదు.

ట్యాంకు మూత ఆమె తన చేత్తో ఎప్పుడూ తీయలేదు. బంకులో కుర్రాళ్లు తీసేవాళ్లు, మెకానిక్కులు తీసేవాళ్లు. గట్టిగా తిప్పితే తిరిగింది. ఊడిరాబోతూ ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ట్యాంకు సుయ్యిమని గాలి పీల్చుకుంది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. మెల్లగా వంగి చూసింది. పెట్రోలు మెరుస్తూ కనిపించింది.

మూత పెట్టి, ఊరికే, ఏ ఆశా లేకుండా సెల్ఫ్ కొట్టింది. అందుకుంది.

సంతోషపడాల్సింది. ఆమెకు భయమేసింది. ఏం విప్పలేదు, ఏం తుడవలేదు. ఇంజను ఎందుకు స్టార్టయిందో తెలియకపోతే మళ్లీ ఎందుకు ఆగుతుందో మాత్రం ఎట్లా తెలుస్తుంది? ధర్మవరంలో నూలు దించి, ఇంటికి పోకుండా నేరుగా పెనుకొండకు వెనక్కి వెళ్లింది.

"నేనేం ముట్టుకోలేదన్నా. పెట్రోలు ఉందేమో చూస్తామని మూత తీసినా, అంతే" అంది.

నబీసాబ్ చేతిలో పాన అట్లాగే ఉండిపోయింది. "శబ్దం వచ్చిందా?"

"సుయ్యిమనింది."

అతను గబగబా వెళ్లి మూత తీసి తిప్పి చూశాడు. లోపల గుండ్రంగా కత్తిరించిన నల్లటి రబ్బరు ముక్క, సైకిలు ట్యూబుది, గట్టిగా అతికించి ఉంది. గోటితో దాన్ని పైకి లేపాడు. కింద మూతలో సన్నటి రంధ్రం ఉంది.

"ఇదెవరు పెట్టిరి?"

వరలక్ష్మికి వెంటనే గుర్తొచ్చింది. బండి నేర్చుకునే రోజుల్లో పెట్రోలు వాసనకు ఆమెకు తలనొప్పి వచ్చేది. ఒకసారి వాంతి కూడా చేసుకుంది. మరుసటి రోజు నాగేష్ మంచం మీద కూర్చుని కత్తెరతో ఏదో ట్యూబు ముక్క కోశాడు. కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి మూతలో దాన్ని పెట్టి వచ్చి, ఇంగ వాసన రాదులే అన్నాడు.

"పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులోకి గాలి పోవల్ల అక్కా. ఈ బెజ్జం దానికే" అన్నాడు నబీసాబ్. "గాలి పోకపోతే లోపల పీక్కుంటాది, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. మేమంతా మొదట మూత తీసి చూస్తిమి. గాలి పోయి ఆడికే సరిపోయింది. ఆ తర్వాత మేం చేసిండేదంతా ఉత్తదే." నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వాడు. ఏదో తట్టినట్టు ఆగి అడిగాడు. "నువ్వు దారిలో పెట్రోలు పట్టిచ్చిన దినం ఎప్పుడన్నా ఆగిందా?"

ఆమె ఆలోచించింది. ఆగలేదు.

రబ్బరు తీసేసి ఇద్దరూ ఆ సాయంత్రం సోమందేపల్లి దాకా పోయి వచ్చారు. వ్యాను గొంతు కూడా మార్చలేదు. తిరిగొచ్చాక నబీసాబ్ మెల్లగా అన్నాడు. "నాగేష్‌కు ఈ ముక్క సంగతి వద్దులే, ప్లగ్గు వైరని చెప్పేదా?"

వరలక్ష్మి రబ్బరు ముక్క తీసుకుని కొంగున ముడేసుకుంది. ఇంటికి వెళ్లేదాకా ఆమెకు తన మనసు తనకే తెలియలేదు. మంచి చేయబోయాడు కదా అనుకుంటే కోపం వచ్చేది. కోపం తెచ్చుకుంటే, ఆ కాలితో కుంటుతూ వ్యాను దగ్గరికి వెళ్లిన మనిషి కళ్ల ముందుకు వచ్చేవాడు. దాచిపెడితే జీవితాంతం తన కాలినే అనుమానించుకోవాలి. రబ్బరు ముక్క అతని ముందు పెట్టి చెప్పేసింది.

"పో. ట్యూబు ముక్కకు ఇంజను ఆగుతాదా?" అన్నాడు నాగేష్.

"రేపు నువ్వే వచ్చి సూడు."

పొద్దున అతని ఎదురుగానే రబ్బరు మళ్లీ మూతలో పెట్టింది. నాగేష్ కర్రతో సహా పక్క సీటు ఎక్కాడు. ఆమెకు లైసెన్సు వచ్చాక అతను హైవే మీదికి రావడం అదే మొదలు. గేరు ఎప్పుడు మార్చాలో రెండుసార్లు చెప్పాడు. ఆమె అప్పటికే మార్చేసి ఉండటం చూసి ఊరుకున్నాడు. పెనుకొండ కొండ కనిపిస్తుండగా వ్యాను దగ్గి, ఆగింది.

"సెల్ఫ్ కొట్టు." తిరిగింది. "కాలు తీసి కొట్టు." తిరిగింది. నాగేష్ దిగి, చేత్తో వ్యానును పట్టుకుంటూ చుట్టూ నడిచి వెళ్లి మూత తిప్పాడు. ఆ చప్పుడు స్టీరింగు దగ్గర కూర్చున్న ఆమెకు కూడా వినిపించింది.

"కొట్టు" అన్నాడు. ఇంజను అందుకుంది.

అతను ఎక్కలేదు. మూత చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. దిగి దగ్గరికి వెళ్లాలా వద్దా తేల్చుకోలేక ఆమె అద్దంలోంచి చూస్తూ ఉంది. చివరికి అతనే కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇన్ని దినాలు నిన్నే అంటా ఉంటిని కదా."

"అంటివి."

"మరి నువ్వేంటికి ఊరుకుంటివి?"

"నిజమే అనుకుంటిని" అంది వరలక్ష్మి.

నాగేష్ చేతిలో ఉన్న మూతను తిరగేశాడు. రబ్బరు ముక్క పీకి చేలోకి విసిరేశాడు. ఆ రోజు వాళ్లు వెనక్కి తిరగలేదు, హిందూపురం దాకా వెళ్లారు. మార్కెట్టులో పాత స్నేహితులు అతన్ని చుట్టుముట్టి, మళ్లీ నడుపుతున్నావా అని అడిగారు. నేను కాదప్పా, ఆయమ్మే, అన్నాడు. హనుమప్ప మరుసటి పంటకు గూళ్లు మళ్లీ వాళ్లకే వేశాడు. మొదట సగమే వేశాడు, ఆ తర్వాత అన్నీ.

వ్యాను ఇంక ఎప్పుడూ ఆగలేదని కాదు. వానాకాలంలో ఒకరోజు బుక్కపట్నం వైపు గూళ్లకు పోయినప్పుడు నీళ్లు నిలిచిన చోట దాటుతుండగా ఆగింది. మూత తీసినా లాభం లేకపోయింది. ఆమె ఇంటికి ఫోన్ చేసింది. నాగేష్ ఏ గేరని అడగలేదు. "యాడుండావు? ఎవురిదన్నా బండెక్కి వస్తాండా" అన్నాడు.

ఎవరిదో మోటారు సైకిలు వెనక, వంగని కాలు పక్కకు చాపుకుని, ఒళ్లో పొడిగుడ్డలు, గొడుగు పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ సీటు ఎత్తి తడిసిన వైర్లన్నీ తుడిచారు. సెల్ఫ్ కొడితే తిరిగింది గానీ అందుకోలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగేష్ గొడుగు పట్టుకుంటే, వరలక్ష్మి ఇంకో గుడ్డ తీసుకుని మొదటి నుంచి మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.