పెన్ డ్రైవ్‌కి దసరా పూజ

నా భక్తి వల్ల ఒక పెద్దావిడ పుట్టినరోజు ఎలా పాడైపోబోయిందో చెబుతాను, వినండి. ముందే మనవి చేస్తున్నాను, ఇందులో అమ్మవారి తప్పేమీ లేదు. పటంలో ఆవిడ నిమ్మళంగానే కూర్చుంది. చేసిందంతా నేనే.

అప్పట్లో నేను న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉండేవాణ్ణి. హెచ్-వన్ వీసా మీద వచ్చిన కొత్త. ఆఫీసులో నా పని బ్యాంకువాళ్లకి ప్రోగ్రాములు రాయడం. కానీ మనవాళ్ల లెక్కలో సాఫ్ట్‌వేర్ కుర్రాడంటే ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగేవాడు, టీవీ వెనక వైర్లు తగిలించేవాడు, మైక్రోవేవ్‌లో గడియారం సరిచేసేవాడు కూడాను. ఎవరేమడిగినా "అదెంత పని!" అనేవాణ్ణి. "నాకు రాదు" అనే మాట నా నోట ఇంకా పలకడం లేదు. ఈ జబ్బు నాకొక్కడికే ఉందని మీరనుకుంటే పొరపాటు, ఎడిసన్‌లో ఆ రోజుల్లో ఇది ఇంటింటా ఉండేది.

ఆదివారం వచ్చిందంటే నేనూ, నా రూమ్మేట్ శ్రీకాంతూ డాక్టరంకుల్ ఇంట్లో తేలేవాళ్లం. ఆయన చెవి, ముక్కు, గొంతు డాక్టరు. మేం పుట్టకముందే గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి, రిటైరై ఇంట్లో ఉన్నారు. ఆయన భార్య శారదాంటీ వంకాయకూర కోసం మేం వాళ్ల లాన్ కూడా కోసిపెట్టేవాళ్లం. ఆంటీది బొంగురు గొంతు. వరండా దాటి వినిపించేది కాదు. పాపం, ఏడాదంతా జలుబు తగ్గదేమో అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం అంకుల్ నన్ను గరాజ్‌లోకి పిలిచి, అటూ ఇటూ చూసి, జేబులోంచి ఒక పాత క్యాసెట్టు తీశారు.

"అబ్బాయ్, దీంట్లో పాటని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నీకు వచ్చా?"

"అదెంత పనంకుల్!"

"మీ ఆంటీ పాడింది. పెళ్లయిన కొత్తలో, జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో నేనే రికార్డ్ చేశాను. ఇల్లు మారినప్పుడు పోయిందనుకుంది. మొన్న ఓ డబ్బాలో దొరికింది."

"ఆంటీ పాడతారా?"

ఆయన ఆ క్యాసెట్టుని అటూ ఇటూ తిప్పారు. "పాడేది. తరవాత మెడలో గడ్డకి ఆపరేషన్ అయింది, గొంతు నరం దెబ్బతింది. మాట వచ్చింది గానీ పాట రాలేదు. ఈ చుట్టుపక్కల సగంమంది గొంతులు నేను చూశాన్రా. నా ఇంట్లో గొంతుకి మాత్రం ఏమీ చేయలేకపోయాను." క్యాసెట్టు నా చేతిలో పెట్టి, "దసరా వెళ్లిన శనివారం తన అరవయ్యో పుట్టినరోజు. ఆ రోజు వినిపిద్దాం. తనకి మాత్రం చెప్పకు" అన్నారు.

అంతమంచి పని నా చేతికి అప్పజెప్పినందుకు నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, తిరిగి వెళ్లేటప్పుడు సీటు బెల్టు బిగువైంది.

మర్నాడే ఆఫీస్ లాప్‌టాప్‌కి టేప్‌రికార్డర్ తగిలించి కూర్చున్నాను. పాట మొదలైంది. లాలిపాట. పల్లవి అయ్యేసరికి, టీవీలో క్రికెట్ చూస్తున్న శ్రీకాంత్ సౌండ్ తగ్గించేశాడు. వాడు క్రికెట్‌కి సౌండ్ తగ్గించడం నేను చూడటం అదే మొదలు, అదే చివర. పాట అయిపోయింది, రికార్డూ అయింది. వెంటనే టేప్‌రికార్డర్ కిర్రుమంది. తెరిచి చూస్తే టేపంతా సేమియాలా బయటికొచ్చి, ముక్కలై ఉంది.

"ఏం కాదులే, కంప్యూటర్ల ఎక్కింది గద" అన్నాడు శ్రీకాంత్.

నిజమే, ఎక్కింది. కానీ ఆఫీస్ లాప్‌టాప్‌లో సొంత ఫైళ్లు ఉంచకూడదని మా మేనేజర్ అప్పుడే ఒక మెయిల్ పంపి ఉన్నాడు. నేను విధేయుణ్ణి. కొత్తగా కొన్న పెన్ డ్రైవ్‌లోకి ఆ పాటని కట్ చేసి పేస్ట్ చేశాను. ఇక్కడివాళ్లు దాన్ని ఫ్లాష్ డ్రైవ్ అంటారు, మనకి మాత్రం ఎప్పుడూ పెన్ డ్రైవే. కట్ ఎందుకు, కాపీ చేయొచ్చు కదా అని మీరడుగుతారు. మీకున్న బుద్ధి నాకు ఉండి ఉంటే ఈ ముచ్చట రాసే అవసరం ఉండేదా చెప్పండి.

అలా శారదాంటీ పాట ఈ ప్రపంచం మొత్తంమీద నా చిటికెన వేలంత పెన్ డ్రైవ్‌లో మాత్రమే మిగిలింది. ఆ విషయం తట్టినప్పటి నుంచీ నాకు స్థిమితం లేదు. జేబులో పెట్టుకుంటే పడిపోతుందేమో, బల్లమీద పెడితే శ్రీకాంత్ చాయ్ ఒలకబోస్తాడేమో అని ఒకటే బెంగ. ఇంతలో దసరా వచ్చింది.

మా అపార్ట్‌మెంట్‌లో ఆయుధపూజంటే కిచెన్ కౌంటర్ మీద అమ్మవారి పటం, దాని ముందు మా ఆయుధాలు: రెండు లాప్‌టాప్‌లు, కారు తాళాలు, ఒక స్క్రూడ్రైవరు. ఆ పక్కన పెన్ డ్రైవ్ పెట్టి, "అమ్మా, దీని భారం నీదే" అని దండం పెట్టుకున్నాను. లాప్‌టాప్‌లకి మూతమీద బొట్టు పెట్టాను, తాళాలకి పెట్టాను. పెన్ డ్రైవ్ దగ్గరికొచ్చేసరికి సందేహం వచ్చింది. దీనికి మొహం ఎటువైపు? మూత తీసి చూశాను. చివర ఉన్న ఇనపరేకు మీద చదరంగా రెండు కన్నాలు నన్నే చూస్తున్నాయి. ఇంకేం, కళ్లు దొరికాయి! గంధం కాస్త పల్చగా కలిసినా లెక్కచేయకుండా ఆ రెండు కళ్ల మధ్యా, చుట్టూ దిట్టంగా పట్టించి, పైన కుంకుమ అద్దాను.

"ఏందిర భయ్, గంత పెడ్తున్నవ్? అదేమన్న పెండ్లికొడుకా?" అన్నాడు శ్రీకాంత్.

"భక్తి ఉన్నచోట పిసినారితనం పనికిరాదు" అన్నాను, ఎంతో గంభీరంగా.

తెల్లారాక పైకి కనిపించిందంతా కర్చీఫ్‌తో శుభ్రంగా తుడిచి, మూత పెట్టేశాను. ఆ రెండు కళ్ల వెనకాల ఏం జరిగిందో చూడాలని నాకు తోచలేదు.

శనివారం మధ్యాహ్నం డాక్టరంకుల్ ఇంటి బేస్‌మెంట్ జనంతో కిటకిటలాడింది. భోజనాలయ్యాయి, కేక్ కోశారు. అంకుల్ టై కట్టుకుని మరీ వచ్చి, ఆంటీని సోఫాలో కూర్చోబెట్టి, నాకు కళ్లతో సైగ చేశారు. నేను లాప్‌టాప్‌కి స్పీకర్లు తగిలించి, పెళ్లిమంత్రాలు మొదలెట్టే పురోహితుడిలా అందరినీ ఓసారి చూసి, పెన్ డ్రైవ్ గుచ్చాను.

ఈ వస్తువెవరో నాకు తెలియదంది కంప్యూటర్.

తీసి మళ్లీ పెట్టాను. తెలియదంది. తిరగేసి పెట్టబోతే పట్టనే లేదు. చివరికి ఊది పెట్టాను. తెలియదు.

"ఏమైందబ్బాయ్?" అన్నారు అంకుల్.

"ఏం లేదంకుల్, సిస్టమ్ కొంచెం ఆలోచిస్తోంది."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ బేస్‌మెంట్‌లో ఉన్నవాళ్లలో మూడొంతులు సాఫ్ట్‌వేర్. పనిచేయని యంత్రం కనబడితే వాళ్లు గులాబ్‌జామున్ గిన్నె వదిలేసి లేస్తారు. లేచారు.

"రీస్టార్ట్ చేశావా?"

"చేశానండీ."

"వెనకాల పోర్ట్‌లో పెట్టి చూడు."

"లాప్‌టాప్‌కి వెనకాల పోర్ట్ లేదండీ."

"డ్రైవర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మల్ల ఎయ్‌రా" అన్నాడు శ్రీకాంత్. వేశాను. తెలియదంది.

ఇంకో లాప్‌టాప్ తెచ్చారు. మరొకావిడ తనది కూడా తెచ్చింది. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకటే జవాబు. కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన అప్పటిదాకా చేతులు కట్టుకుని చూస్తున్నవాడల్లా ముందుకొచ్చి, "మా బే ఏరియాలో అయితే ఇంత టైమ్ వేస్ట్ చేయం. ఫార్మాట్ కొట్టు, పనిచేస్తుంది" అన్నాడు.

"పెన్ డ్రైవ్ పనిచేస్తుంది సార్. అందులో ఉన్నది పోతుంది."

"బ్యాకప్ ఉంటుందిగా?"

అంకుల్‌ని మెల్లిగా వాషింగ్ మెషిన్ పక్కకి తీసుకెళ్లాను.

"అంకుల్, ఇంకో కాపీ లేదు."

"క్యాసెట్టుందిగా?"

"తెగిపోయిందంకుల్."

"నీ కంప్యూటర్‌లో?"

"కట్ చేసేశానంకుల్."

ఆయన తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన జనం మధ్యలోంచి ఆంటీ వైపు చూశారు. ఆవిడ పట్టుచీర కొంగు సర్దుకుంటూ, ఏం జరుగుతోందో తెలియక అందరికీ నవ్వుతూ తల ఊపుతోంది. ఆ నవ్వు చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"ఇలా ఇవ్వు" అన్నారు అంకుల్ చివరికి.

"మీరేం చేస్తారంకుల్?"

"నాకేం వచ్చురా, నోరు తెరిచి లోపలికి చూడటమేగా నేను బతుకంతా చేసింది."

పక్కగదిలోంచి ఆయన పాత తోలుసంచీ తెచ్చి, చెవిలో చూసే లైటు బయటికి తీశారు. పెన్ డ్రైవ్‌ని రెండువేళ్లతో పట్టుకుని, ఒక కన్ను మూసి, లోపలికి తొంగిచూశారు. గుమిగూడిన ఇంజనీర్లంతా మెడలు చాచారు.

"అబ్బాయ్, దీని గొంతులో పసుప్పచ్చగా ఏదో గడ్డకట్టింది." ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "గంధం!"

అందరూ నావైపు తిరిగారు. శ్రీకాంత్ ఒక్కడే పైకప్పు వైపు చూస్తూ, "నేన్ చెప్పిన. ఇన్నడా?" అన్నాడు.

నేను జరిగింది చెప్పాను: ఆయుధపూజ, కళ్లు, దిట్టంగా పట్టించడం. శాన్ రామన్ ఆయన నవ్వు ఆపుకోలేక కార్పెట్ మీద కూలబడ్డాడు. అంకుల్ మాత్రం నవ్వలేదు. సన్నటి పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఆ కొద్ది సందులోకి పోనిచ్చి, గోరంత గోరంత బయటికి తీశారు. అంత వయసులోనూ ఆ చెయ్యి కాస్తయినా వణకలేదు. చెమట మాత్రం చెంపల మీదుగా టై మీదికి కారుతోంది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఎవరి గొంతుకి వైద్యం చేస్తున్నారో.

"ఆరనీ" అన్నారు. ఆరనిచ్చాం. "ఇప్పుడు పెట్టు."

నాకు ధైర్యం చాలకపోతే శ్రీకాంతే పెట్టాడు. టింగుమంది.

ఆ తరవాత పాట వచ్చింది. మొదటి మాటకే ఆంటీ చెయ్యి ఆవిడ గొంతు మీదికి వెళ్లింది. స్పీకర్లలోంచి ఓ పడుచుపిల్ల లాలి పాడుతుంటే, సోఫాలో కూర్చున్న ఆంటీ పెదవులు ఆ పాటతోబాటే కదిలాయి, చప్పుడు లేకుండా. ఒక్క మాట కూడా మరిచిపోలేదు. అంకుల్ సోఫా వెనక నిలబడి, చేతిలో ఆ దూదిపుల్ల ఇంకా అలాగే పట్టుకుని ఉన్నారు. పాట చివర, "ఇంక ఆపండి, అన్నం మాడుతోంది!" అన్న కేకా, వెంటనే పకపకా నవ్వూ వినిపించాయి. "నిజంగా మాడింది ఆ రోజు" అంది ఆంటీ, కళ్లు తుడుచుకుంటూ. మేమంతా కూడా అదే పనిలో ఉన్నాం.

కాసేపటికి ఆవిడ నన్ను పిలిచింది. "ఏదీ, దాన్ని ఇలా పట్రా. దేవుడి గదిలోంచి కుంకుమ భరిణ కూడా."

రెండూ తెచ్చి ఇచ్చాను. ఆవిడ పెన్ డ్రైవ్‌కి జాగ్రత్తగా మూత పెట్టి, వెనక ప్లాస్టిక్ మీద ఆవగింజంత బొట్టు పెట్టి, నా చేతికిస్తూ ఆ బొంగురు గొంతుతో నెమ్మదిగా అంది:

"బొట్టు నుదుట పెడతారు నాయనా. నోట్లో కుక్కరు."

ఆ గొంతు వరండా దాటదన్నాను చూశారూ? ఆ ఒక్క మాటా బేస్‌మెంట్ మొత్తానికి వినిపించింది. ఆ నవ్వులకి పైనున్న గిన్నెలు కూడా మోగి ఉంటాయి.

ఇంటికి వెళ్లేలోగా అక్కడున్న ప్రతి లాప్‌టాప్‌లోకీ ఆ పాట కాపీ అయింది. శాన్ రామన్ ఆయన దగ్గరుండి, ఎవరూ కట్ కొట్టకుండా కాపలా కాశాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, డాక్టరంకుల్ చెవి లైటు సాక్షిగా, శారదాంటీ వంకాయకూర సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా భక్తి ఏమీ తగ్గలేదు. ఇప్పటికీ ప్రతి దసరాకీ అమ్మవారి ముందు ఆ పెన్ డ్రైవ్ పెట్టి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటాను. మూత మాత్రం తియ్యను.