టీచరమ్మ పేరుతో నా ఉత్తరాలు

నేరేడ్‌మెట్‌లో మా పక్కింటి టీచరమ్మ గుర్తుందా, బంగారాలూ? మౌస్ ముట్టుకునేది కాదు. "వేళ్లుండగా ఎలకెందుకండీ?" అంటూ మెటికలు విరిచి, నల్లటి తెర మీద టకటకా అక్షరాలు కొట్టేది. చూస్తుంటే నాకు కడుపు మండిపోయేది.

మీరిచ్చిన లినక్స్ కంప్యూటర్లో నాకు మెయిల్ ఏర్పాటు చేసింది ఆవిడే. తన సెట్టింగులే తెచ్చి అందులో ఎక్కించేసింది, పంపేవారి చోట తన పేరుతో సహా. నేను ఒక్కో అక్షరం వెతుక్కుని గోంగూర పచ్చడి గురించి మొదటి మెయిల్ రాస్తే, మీ జవాబేమిటి? "టీచరమ్మగారూ, భలే రాశారు! మా అమ్మమ్మకీ నేర్పండి!"

ఆవిడ బోయిన్‌పల్లి వెళ్లిపోయింది. పేరు మార్చడం నాకు రాదు. ఫోన్ చేసి అడగాలంటే నామోషీ. పైన ఆవిడ పేరే ఉంటుంది గానీ, కింద ముద్దులు మాత్రం నావేనర్రా.