పడవలో చెప్పులు

మావయ్య పోయారని అత్త ఫోన్ చేసినప్పుడు నేను న్యూ టౌన్‌లో ఆఫీసు లిఫ్టు ముందు నిలబడి ఉన్నాను. "ఎల్లిపోనాడమ్మా మీ మావ. నీటిలో కాదు, మంచమ్మీదే," అంది. ఆ రెండో మాటలో ఏడుపు లేదు, గండం గడిచినట్టు ఒక నిట్టూర్పు ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ భయమంతా నీటి గురించే మరి.

మావయ్య మాకు చుట్టం కాదు. గంగ ఒడ్డున వాట్‌గంజ్‌లో మా పక్క వాటా ఆయనది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడి రేవులో డైవరుగా చేరారు. ఓడల అడుగున మునిగి, ఓడను నడిపే ఫ్యాన్లకు చుట్టుకున్న తాళ్ళు కోయడం, పగుళ్ళు వెతకడం ఆయన పని. సినిమాల్లో డైవర్లకు రంగురంగుల చేపలు కనబడతాయి. మా గంగలో మునిగినవాడికి తన చెయ్యే తనకు కనబడదు. అన్నీ వేళ్ళతోనే తెలుసుకోవాలి. ఒకసారి మా అమ్మ కుక్కర్‌లో ఆవిరి నిలవడం లేదని గోల పెడుతుంటే, ఆయన కళ్ళు మూసుకుని రబ్బరు చుట్టూ వేలు తిప్పి, "ఇదిగో, ఇక్కడ," అన్నారు. మాకేమీ కనబడలేదు. సాగదీసి చూస్తే వెంట్రుకంత చీలిక. అప్పట్నించీ నాకు ఆయన వేళ్ళంటే భయమూ భక్తీ రెండూనూ.

నాకు ఈత నేర్పింది ఆయనే. ఆదివారం పొద్దున్నే ఘాట్‌కు తీసుకెళ్ళేవారు. స్నానాలకొచ్చేవాళ్ళు, ఈత పిల్లలు, జాలర్ల మోటారు పడవలు, అవతలి ఒడ్డుకు పోయే లాంచీ, అందరికీ ఉన్నవి అవే కాసిని నీళ్ళు. వల తెంపారని ఒకరు, పడవ మీదికొచ్చిందని ఇంకొకరు, రోజూ తగువే. "గంగ అందరిదీనే గుంటా. ఒకే గడియలో అందరిదీ కాదు," అనేవారు మావయ్య. నీళ్ళు తగిలే మెట్టు మీద అరచెయ్యి ఆనించి, "బాన్ వస్తంది, పైకెక్కండి," అంటే చాలు, స్నానాలవాళ్ళు సబ్బు నురగతోనే పరిగెత్తేవారు, పడవలు నది మధ్యకు పోయేవి. కాసేపటికి సముద్రపు పోటు గోడలా లేచి వచ్చి, మేం అంతదాకా నిలబడ్డ మెట్లను మింగేసేది. నేను ఆ నీటిని చూడటం మానేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయేదాన్ని.

పాత జెట్టీ గుంజలకు వలలు చిక్కుకుంటే, వీపున గాలి సిలిండరు కట్టుకుని మునిగి, ఊరికే విడదీసిపెట్టేవారు. మునిగేముందు ఆయనకో పద్ధతి ఉండేది. దగ్గర్లో ఉన్న పడవలో, ఇంజిన్ పక్కన, తన చెప్పులు పెట్టేవారు. అవి ఉన్నంతసేపూ ఆ పడవ ఇంజిన్ వెయ్యకూడదు. పడవవాడు "జొలే లోక్ ఆఛే!" అని కేక వేసేవాడు. ఇక్కడి భాషలో, నీళ్ళలో మనిషున్నాడని అర్థం. ఆ కేకకు చుట్టుపక్కల ఇంజిన్లన్నీ ఆగిపోయేవి. పూజ చేసుకునే పడవలో చెప్పులేమిటని మా ఘాట్ జాలరి పెద్దన్న, అందరికీ దాదా, మొదట్లో ఒప్పుకోలేదట. "అందుకే పెడతన్నాను దాదా. కంటికి గుచ్చుకోవాల," అన్నారట మావయ్య.

ఈతకు చేరిన కొత్తలో నాకిదేమీ తెలియదు. ఒక ఆదివారం నేను ఆలస్యంగా వెళ్ళేసరికి దాదా పడవలో మావయ్య చెప్పులు కనబడ్డాయి. దాదా ఒడ్డున టీ తాగుతున్నాడు. పడవలో చెప్పులా, ఎంత తప్పు, మావయ్య మరిచిపోయినట్టున్నారు అనుకుని, వాటిని తీసి మెట్ల మీద బుద్ధిగా జతగా పెట్టాను. దాదా వచ్చాడు. చెప్పులు లేవు. మనిషి పైకొచ్చేశాడనుకుని ఇంజిన్ వేశాడు.

అప్పుడు చూశాను, పడవ వెనకాల నీళ్ళలో బుడగలు. అరిచాను. ఇంజిన్ మోతలో నా గొంతు ఎవరికి వినబడుతుంది? చెప్పులందుకుని విసిరాను. ఒకటి దాదా భుజానికి తగిలింది. పెద్దమనిషిని చెప్పుతో కొట్టడం కంటే మంచి పని నా జన్మలో ఇంకొకటి చెయ్యలేదు. దాదా ఇంజిన్ ఆపేశాడు. ఫ్యాన్‌కు మూరెడు దూరంలో మావయ్య తల పైకి తేలింది.

ఇంటికి వెళ్ళాక నాకు తన్నులే అనుకున్నాను. "నీ తప్పు కాదే గుంటా. రెండు సెప్పులూ ఒక్క సోట ఉంచడం నా తప్పు," అన్నారు మావయ్య. మరుసటి వారం ఒక చెప్పు పడవలో పెట్టి, రెండోది నా చేతికిచ్చారు. "నాను పైకొచ్చి అడిగినదాకా ఎవులికీ ఇయ్యకు." తన ప్రాణం మీదికి తెచ్చినదాని చేతిలోనే ప్రాణం పెట్టి నీళ్ళలోకి దిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆదివారాలు ఆ చెప్పు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఒక్కసారి కూడా పక్కకు చూడలేదు.

మొన్న అస్థికలు కలపడానికి దాదా పడవలోనే వెళ్ళాం. నది మధ్యలో దాదా ఇంజిన్ ఆపాడు. అత్త సంచిలోంచి చెప్పులు తీసి ఒకటి ఇంజిన్ పక్కన పెట్టింది, ఒకటి నాకిచ్చింది. అత్త కుండ వంచగానే దాదా లేచి నిలబడ్డాడు. ముసలి గొంతు, అయినా అదే కేక. "జొలే లోక్ ఆఛే!"

పక్క పడవ ఆగింది. దాని పక్కది ఆగింది. జెట్టీ వదలబోతున్న లాంచీ కూడా ఆగిపోయింది. ఎప్పుడూ హోరెత్తే ఆ నది మధ్యలో, నీళ్ళు పడవకు తగిలే చప్పుడు నాకు మొదటిసారి వినబడింది.

వెనక్కి వచ్చేటప్పుడు దాదా ఇంజిన్ ముట్టుకోలేదు, తెడ్డు వేశాడు. ఒడ్డు చేరాక అత్త చెప్పు కోసం చెయ్యి చాచింది. నేనివ్వలేదు. ఆవిడ ఖాళీ సంచి మడుచుకుంది. మెట్లెక్కి తిరిగి చూస్తే, దాదా ఒక్కడే తెడ్డు వేసుకుంటూ పోతున్నాడు. ఇంజిన్ పక్కన రెండో చెప్పు అలాగే ఉంది.