పుణె సర్వరుకు మా ఇంటి ముహూర్తం

నేను బడికి పోలేదు. చదువు నాన్న ఇంట్లోనే చెప్పారు; కంప్యూటరు పని పెళ్లయ్యాక మావారు నేర్పారు. ప్రమాదంలో ఆయన నడుము పడిపోయి మంచాన ఉన్న రోజుల్లో ఆ విద్యే మాకు అన్నం పెట్టింది. ఇచ్చినవాడు దేవుడే.

నాందేడ్‌లో మా ఇంట్లో కూర్చుని నల్లని తెర మీద ఒక్క వరుస ఆదేశం కొడితే, పుణెలోని మా ఆఫీసు సర్వరు మా ప్రోగ్రాములన్నిటినీ కలిపి పరీక్షించేది. అన్నీ సరిపోతే పచ్చగా, లేకుంటే ఎర్రగా చూపేది. ఎవరు రాసినదానికి వారే ఆ పరీక్ష మొదలుపెట్టాలి. ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికల్లా నాది పచ్చగా రాకపోతే, ఇంటి నుంచి పని కుదరదు, పుణెకు వచ్చేయమన్నారు ఆఫీసువాళ్లు. ఆయన్ను ఆ స్థితిలో ఎక్కడికి కదిలించను?

పదకొండింటికి ఆదేశం టైపు చేసి ఎంటర్ మీద వేలు పెట్టాను.

"ఆగు బిడ్డా, రాహుకాలం నడుస్తున్నది. పన్నెండైనంక నొక్కు," అంది అత్తమ్మ.

తల్లి మాటకు మంచం మీంచి ఆయన నవ్వారు. "అవ్వా, పుణె మిషిన్‌కు రాహుకాలమేందే?"

"నువ్వు ఊకోరా! పని ఆడ అయితే ఏంది, షురూ చేసేది ఈడ్నే గదా."

నాకూ ఆ మాట సబబే అనిపించింది. వేలు తీశాను. పన్నెండు కాకముందే కరెంటు పోయింది. లోడ్‌షెడ్డింగ్ వేళ ఆ వారం మార్చారట, మాకు తెలియదు.

"కరెంటోళ్లు పంచాంగం చూడరే అవ్వా," అన్నారాయన. ఈసారి నవ్వలేదు.

అత్తమ్మ కాసేపు దేవుడి పటం వైపు చూసింది. తర్వాత నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

"బస్టాండు కాడ జనరేటర్ ఉన్న నెట్ దుకాణం ఉన్నది గదా. పో. వీన్ని నేను చూసుకుంట."

"రాహుకాలం ఇంకా పోలేదు అత్తమ్మా."

"పోకుంటే పోకపాయె. దేవునికి నేను చెప్పుకుంట, నువ్వు నడువు."

ఆ దుకాణంలోని కంప్యూటరు నుంచి పుణె సర్వరులోకి వెళ్లి, అదే వరుస మళ్లీ కొట్టాను. మొదలైందని జవాబు వచ్చింది. ఇక నేను లేచిపోయినా అక్కడి పని ఆగదు. అయినా కదల్లేక, ఒళ్లో చేతులు జోడించుకుని కూర్చున్నాను. ఒక్కో పరీక్షా దాటుతూ రెండు కాకముందే అంతా పచ్చగా వచ్చింది. ఫోన్ చేస్తే, "ఝాలం తాయీ, తుమ్హీ తిథూనచ్ కరా," అన్నారు మా పైఅధికారి మరాఠీలో. అయిపోయింది అక్కా, మీరు అక్కడి నుంచే చేయండి అని.

ఇంటికి వచ్చి ఆ మాటే చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

"నావల్ల నీ నౌకరి పోవుడో, నువ్వు నన్ను ఇడిచిపెట్టుడో అయితదనుకున్న," అన్నారు.

అత్తమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆయన పక్కన కూర్చుని, తడిసిన ఆ కళ్లను కొంగుతో అద్దాను.