ఫోరంలో మా ఆయన తీర్పు

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ఐదారేళ్ల ముందు మాట. గోదావరిఖనిలో మా కంపెనీ క్వార్టర్‌లోకి కంప్యూటర్ వచ్చింది. మా అమ్మాయి ఇంటర్ చదువుకు అది లేకపోతే కుదరదన్నారని కొన్నాం. అమ్మాయి దాన్ని మూడు నెలలు వాడి, కరీంనగర్ హాస్టల్‌కు వెళ్లిపోయింది. కంప్యూటరూ, టెలిఫోన్ వైరు మీద నత్తలా పాకుతూ వచ్చే ఇంటర్నెట్టూ నాకు మిగిలాయి.

నేను ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. మా ఆయన అండర్‌గ్రౌండ్ గనిలో ఎలక్ట్రీషియన్. బడిలో తోటి టీచరు ఒకామె చెప్పగా తెలుగు ఆడవాళ్ల ఫోరం ఒకటి దొరికింది. అందులో అందరూ పూల పేర్లూ పక్షుల పేర్లూ పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ, అత్తలనూ ఆడబిడ్డలనూ దులిపేసేవారు. నేను కూడా ఒక పక్షి పేరు తగిలించుకున్నాను. చాలాకాలం ఏమీ రాయలేదు, చదవడమే. చదివింది కడుపులో దాచుకునే రకాన్ని కాను కాబట్టి, అన్నం తినేటప్పుడు మా ఆయనకు చెప్పేదాన్ని.

మొదట్లో ఆయన వినేవాడు కాదు. దుబాయ్‌లో ఉండే ఒకామె ఇంట్లోకి ఆడబిడ్డ వచ్చి, ఆరు నెలలైనా కదలడం లేదన్న కథ దగ్గర పట్టుబడ్డాడు. మర్నాడు తనే అడిగాడు, "ఆ ఆడివిడ్డ పోయిందా?" అని. అప్పటి నుంచి అన్నం ముందు కూర్చోగానే మా వాళ్ల లొల్లి ఎందాక వచ్చిందో చెప్పాల్సిందే. విని, ముద్ద ముద్దకూ మధ్య తీర్పు చెప్పేవాడు. ఎవరి మొగుడు మంచివాడో, ఎవరి అత్తకు బుద్ధి లేదో, ఎవరు పుట్టింటికి వెళ్లాలో అన్నీ ఆయన తేల్చేసేవాడు. సొంత తమ్ముడి ఇంట్లో గొడవైతే నాకెందుకని దుప్పటి కప్పుకున్న మనిషి.

అక్కడితో ఆగలేదు. ఆయన ఆ ముచ్చట్లు గని క్యాంటీన్‌లో చెప్పేవాడు. పక్క క్వార్టర్‌లో ఉండే, మా ఆయన షిఫ్టులోనే పనిచేసే అతణ్ణి నేను బావ అంటాను. ఆ బావ ఇంటికొచ్చి భార్యకు చెప్పేవాడు. ఆ అక్క ప్రహరీ గోడ మీది నుంచి నన్ను అడిగేది. మా లైన్‌లో మూడో ఇంటి ముసలాయన దవాఖానలో పడి వారమైందని ఎవరికీ తెలియదు గానీ, దుబాయ్ ఆడబిడ్డ ఫ్రిజ్‌కు తాళం వేసిందన్న సంగతి అందరికీ తెలుసు.

ఒకరోజు అరవై మంది పిల్లల మీద అరిచి, గొంతు పోయి, షేర్ ఆటోలో నలిగి ఇంటికొచ్చాను. మా ఆయనది ఫస్ట్ షిఫ్టు. నాకంటే గంట ముందే వచ్చి, స్నానం చేసి, ఫ్యాను కింద మంచం మీద టీవీ చూస్తున్నాడు. చాయ్ పెట్టమన్నాడు. ఇవాళ చేతకావడం లేదు, నువ్వే పెట్టమన్నాను. టీవీ మీది నుంచి కన్ను తీయకుండా, "నువ్వేమన్న బొగ్గు తవ్వొచ్చినవా?" అన్నాడు.

ఈ మాట నేను పద్దెనిమిదేళ్లుగా వింటున్నాను. బొగ్గు తవ్వేది ఆయన కూడా కాదు, ఆయన వైర్లు కడతాడు. ఆ సంగతి ఆరోజూ అనలేదు. చాయ్ పెట్టి, గ్లాసు టక్కున బల్ల మీద పెట్టి, ఆయన బజారుకు వెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మొదటిసారి నా గోడు రాశాను. బొగ్గు అని రాస్తే దొరికిపోతాను కదా, అందుకని మా ఆయనను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరును చేశాను. అలసిపోయానని భార్య అంటే, నువ్వేమైనా కోడ్ రాసి వచ్చావా అంటాడని రాశాను.

తెల్లారేసరికి జవాబులు వచ్చి పడ్డాయి. మొగుణ్ణి వదిలెయ్ అని ఇద్దరు, కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లమని ముగ్గురు, ఉపవాసం ఉండమని ఒకరు. ఒకామె అల్లం చాయ్ ఎలా పెడితే మగవాళ్లకు నచ్చుతుందో కొలతలతో సహా రాసింది.

ఆ సాయంత్రం మామూలుగానే మా ఆయన ఇవాళ ఏందని అడిగాడు. వేరే కథ ఏదైనా చెప్పేదాన్నే. నోటికి ఇదే వచ్చింది. హైదరాబాదు ఆయన కథ మొత్తం చెప్పాను. మా ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఏసీల కూసొని బొత్తాలు ఒత్తెటోనికి గంత పొగరేంది? ఆమె గూడ డ్యూటీ చేసే వస్తున్నది గద," అన్నాడు.

అవును అన్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చి కంప్యూటర్ పక్కన కుర్చీ వేసుకున్నాడు. తను చెప్పింది రాయమన్నాడు. రాశాను. "చెల్లె, నాలుగు రోజులు చాయ్ బంద్ పెట్టు. లొల్లి చెయ్యకు, ఏడువకు. అడిగితె ఒక్కటే మాట చెప్పు, గిన్నె ఆడనే ఉన్నది, పొయ్యి ఆడనే ఉన్నది అని. ఐదో రోజు వాడే పెట్టుకుంటడు." గోడు రాసింది కూడా అదే పక్షి పేరుతో కాబట్టి, ఇది మా ఇంటి పక్కాయన సలహా అని పైన ఒక అబద్ధం కలిపాను. ఆ ఇంగ్లీషు అక్షరాల తెలుగు చదివే ఓపిక ఆయనకు లేదు.

ఫోరం ఊగిపోయింది. ఇలాంటి మగవాడు ఎక్కడున్నాడు, ఆయన భార్య ఎంత అదృష్టవంతురాలు అని పూలూ పక్షులూ కలిసి కన్నీళ్లు పెట్టుకున్నాయి. ఆ మెచ్చుకోళ్లను మా ఆయన నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. రెండో రోజుకు ఆ సలహా సంగతి క్యాంటీన్ అంతా పాకింది. అక్క గోడ దగ్గరికొచ్చి, మీ ఆయన లాంటివాడు దొరకాలంటే పెట్టి పుట్టాలె చెల్లె అంది. వదిలెయ్ అన్న ఇద్దరి మీద కూడా నాకు అంత కోపం రాలేదు. వీళ్లందరూ కలిసి ఆయన్ను దేవుణ్ణి చేస్తుంటే ఒళ్లు మండిపోయింది.

సోమవారం చాయ్ బంద్ పెట్టాను.

ఆయన అడిగాడు. నేను నోట్సులు దిద్దుతూ, గిన్నె అక్కడే ఉంది, పొయ్యి అక్కడే ఉంది అన్నాను. తన మాటేనని ఆయనకు తట్టలేదు. బావ ఇంటికి వెళ్లి తాగొచ్చాడు. మంగళవారం నా నుదురు మీద చెయ్యి వేసి చూసి, దవాఖానకు పోదామా అన్నాడు. ఆ ఒక్క క్షణం నాకు పాపం అనిపించింది. బుధవారం మళ్లీ బావ ఇంట్లోనే తాగాడు. గురువారం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందిది? నేనేం తప్పు చేసిన?"

"నాలుగు రోజులని నువ్వే చెప్పినవ్ గద," అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ సాఫ్ట్‌వేరోడు నేనా?"

అవునన్నాను. ఎంతమందికి చెప్పినవ్ అన్నాడు. నేను ఫోరంలోనే రాశాను, క్యాంటీన్‌లో చెప్పింది నువ్వే అన్నాను. అండర్‌గ్రౌండ్‌లో దిగేటోన్ని తీస్కపోయి ఏసీల కూసోవెడ్తివి అన్నాడు. ఆయనకు నిజంగా తగిలింది అదే. తరువాత మెల్లగా, "నాతోనే చెప్పకపోతివా?" అన్నాడు.

"పద్దెనిమిదేండ్ల సంది చెప్తున్న. నువ్వు టీవీ దిక్కు చూసినవ్."

ఆ మాట అన్నప్పుడు పెద్ద న్యాయం మాట్లాడానని అనుకున్నాను. తరువాత గుర్తు చేసుకుంటే, నేను చెప్పిందేమీ లేదు. గిన్నెలు చప్పుడు చేశాను, గ్లాసులు టక్కున పెట్టాను. ముఖాన అనడానికి నోరు రానిది, ముఖం చూడని వందమందికి చక్కగా పేరాలు విడగొట్టి రాశాను.

శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి పొయ్యి నిండా పాలు పొంగి ఉన్నాయి. మా ఆయన ఒక గ్లాసు తెచ్చి, నా జవాబు పత్రాల మీద పెట్టాడు. ఎవరో పిల్ల రాసిన అక్బరు పాలన మీద గుండ్రంగా మరక పడింది. చాయ్ పాకంలా ఉంది. గ్లాసు ఖాళీ చేశాను. పొయ్యి మాత్రం నేనే తుడుచుకున్నాను. ఆ తరువాత ఫస్ట్ షిఫ్టు వారాల్లో మూడు రోజులు ఆయన, మూడు రోజులు నేను. పాత బొగ్గు మాట ఇంకా నోటిదాకా వచ్చేది, మింగేసేవాడు.

క్యాంటీన్ వాళ్లు హైదరాబాదు ఆయన ఏమయ్యాడని వదలకుండా అడిగారట. మారిండట, చాయ్ పెడుతుండట అని మా ఆయన ముక్తసరిగా చెప్పి లేచిపోయాడట. పెండ్లానికి భయపడ్డ పిరికోడని బావ ఆ సాఫ్ట్‌వేరాయనను తిట్టిపోశాడట. ఇదంతా అక్క చెప్పింది. గోడ మీది నుంచి కాదు, ఈసారి లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

చెప్పి, కంప్యూటర్ వైపు చూసింది.

"నాది గూడ ఒక ముచ్చట రాస్తవా చెల్లె? ఊరు మార్చి."

బావను ఏ ఉద్యోగస్తుణ్ణి చేద్దాం అని అడిగాను. అక్క కొంచెం ఆలోచించి, బ్యాంకు మేనేజర్ను చెయ్యమంది. కుర్చీ జరిపాను. ఆమె కొంగు సర్దుకుని కూర్చుని, పెళ్లయిన రెండో నెల నుంచి మొదలుపెట్టింది.