సున్నపు గీత

నిన్న కడపలో ఒక మెకానిక్ షెడ్డు ముందు, గోనెపట్టా మీద క్రాంకు చక్రం కనిపించింది. ఇంజిన్ ముందుండి దాని వణుకును ఆపే బరువైన చక్రం. కిరోసిన్ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, యుద్ధం రోజుల్లో పెట్రోలుకూ చీటీలే, కిరోసిన్‌కూ చీటీలే. ఎర్రగుంట్లలో మా వాకిట్లో నాయన పాత కారుకు అలాంటి చక్రమే మారుస్తున్నాడు. లోపల అమ్మకు నొప్పులు.

"బండికి పురుడు పోస్తాండావా, నాకా?" అని అరిచింది అమ్మ.

"అయిపోయిందిలే, ఓర్చుకో" అంటూ నాయన కొత్త చక్రం మీద, ఏ వైపు ఎక్కించాలో గుర్తుకోసం, సున్నంతో గీత గీసి, అమ్మను చూడటానికి లోపలికి పోయాడు. సాయం చేద్దామని నేను చక్రాన్ని గుడ్డతో తళతళా తుడిచాను. గీత పోయింది. నాయన వచ్చి, చూసి, బిగించాడు.

అమ్మను ఎక్కించుకుని ఆసుపత్రికి బయలుదేరితే, కడప చేరకముందే కారు ఆగిపోయింది. ఎద్దులబండి దొరికేసరికి పొద్దు వాలింది. తమ్ముడు బతకలేదు.

నిన్న మెకానిక్‌ను అడిగాను, గీత చెరిగిపోతే బండి ఆగిపోతుందా అని.

"గీతదేముందమ్మా? లోపల గాడి ఉండాది సూడు. ఎట్ల తిప్పినా ఆ ఒక్క తావులోనే కూర్చుంటాది. తడుముకోకుండా గీస్తాము, అంతే."

"పాత కార్లలో కూడా?"

"యాడైనా అంతేమ్మా."

ఊరట కలగాలేమో. కలగలేదు. ఏడుపూ రాలేదు. కారు ఎందుకు ఆగిందని నాయన పోయేదాకా నేను అడగలేదు. గీత ఎవరు తుడిచారని ఆయనా అడగలేదు.